కిలో కారంలో మీ వాటా ఎంత?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక పల్లె. నాలుగెకరాల్లో మిరప వేస్తాం. ఊళ్లోనే పది హెచ్.పి. మోటారుతో కారం మిల్లు పెట్టి, సొంత పేరుతో ప్యాకెట్లు అమ్మాలని నా ఆలోచన. ఎండుమిరప కిలో 160 రూపాయలు ఉంటే, కొట్లో కారం 280కి అమ్ముతున్నారు. అంటే కిలోకు 120 మిగులుతుంది కదా! షెడ్డుకూ మిషన్లకూ 5 లక్షలు, సరుకుకు 10 లక్షలు, మొత్తం 15 లక్షల అప్పు అడిగితే బ్యాంకువాళ్లు ‘మీది తయారీ కిందికి వస్తుందా, సేవ కిందికా?’ అన్నారు. ఉన్న కాయనే పొడి చేస్తున్నాం, ఇందులో కొత్తగా తయారుచేసింది ఏముంది? దేశానికి తయారీ రంగం ముఖ్యమని అంటుంటారు. నాలాంటి చిన్న మిల్లు ఆ లెక్కలోకి వస్తుందా?
– ఒక పాఠకుడు

సమాధానం: ముందు బ్యాంకు ప్రశ్న తేల్చేద్దాం. మీది తయారీయే. ఒక వస్తువు రూపాన్నో గుణాన్నో మార్చి మరో వస్తువుగా చేస్తే అది తయారీ. కాయను కూరలో వేసే తీరు వేరు, కారాన్ని వాడే తీరు వేరు, ఈ రెండింటి నిల్వ, కొలత, మార్కెట్ కూడా వేరే. దేశంలో పరిశ్రమలన్నిటికీ అంకెలిచ్చిన 2008 వర్గీకరణలో సుగంధ ద్రవ్యాల మరపట్టడానికి 10795 అని విడిగా ఒక కోడ్ ఉంది. చిన్న పరిశ్రమల నమోదు అయిన ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌లో ఆ కోడ్ వేయండి. ప్రభుత్వ పోర్టల్‌లో అది ఉచితం, దళారికి డబ్బులివ్వకండి. అదే మీరు కాయలు కొని, గ్రేడు చేసి, అవే కాయలు అమ్మితే అది వ్యాపారం అవుతుంది.

ఈ తేడా కాగితానికే పరిమితం కాదు. ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం పీఎంఈజీపీ కింద తయారీ యూనిట్‌కు ప్రాజెక్టు ఖర్చు 50 లక్షల దాకా ఒప్పుకుంటారు, సేవలకైతే 20 లక్షలే. ఇంకోటి ఉంది. చిన్న తయారీదారుకు కొనుగోలుదారు 45 రోజుల్లోపు డబ్బు కట్టాలని సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈ) చట్టం చెబుతోంది. ఆలస్యమైతే రిజర్వు బ్యాంకు ‘బ్యాంకు రేటు’కు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఉద్యమ్ ఉన్నా, సరుకు కొని అమ్మేవాళ్లకు ఈ రక్షణ దక్కదు.

ఇక అసలు విషయం. మీ ఉత్తరంలో మమ్మల్ని ఆపేసింది ఆ 120. అది మీ లాభం కాదు, మిల్లు ఆదాయం కూడా కాదు. అప్పు కాగితాల మీద సంతకం పెట్టకముందే ఆ 120 ఎవరెవరి చేతుల్లోకి పోతుందో చూడండి.

మీరు 160 చొప్పున 100 కిలోల కాయ కొన్నారనుకుందాం, 16,000 రూపాయలు. తొడిమలు తీస్తే 6 కిలోలు పోయి 94 మిగులుతాయి. కొన్నప్పుడు కాయలో తేమ 14 శాతం ఉంది, మరలో పోసే ముందు 9 శాతానికి ఆరబెట్టాలి. 94 కిలోల్లో నీరు తీసేస్తే పొడి పదార్థం 80.8 కిలోలు. అది 91 శాతంగా ఉండాలంటే మొత్తం బరువు 88.8 కిలోలు. మరలో, జల్లెడలో, గాల్లో కలిసి ఇంకో 1.8 కిలోలు పోతుంది. చేతికొచ్చే కారం 87 కిలోలు. 16,000ను 87తో భాగిస్తే కిలో కారానికి కాయ ఖర్చే 184 రూపాయలు. మర తిరగకముందే 24 రూపాయలు పోయాయి.

రెండో వైపు నుంచి చూడండి. 280 అనేది కొట్లో ధర. కొట్టువాడికి 15 శాతం, పంపిణీదారుకు 5 శాతం ఇవ్వాలనుకుంటే 56 పోయి 224 మిగులుతుంది. అందులో 5 శాతం జీఎస్టీ ఉంది, అది తీస్తే 213. ఈ 213లోంచి కాయ ఖర్చు 184 తీస్తే 29. ప్యాకింగ్ కవర్లు, అట్టపెట్టెలు, కరెంటు, రవాణా, ల్యాబ్ పరీక్ష, మరలో కాయను కొట్టే సుత్తులూ జల్లెడల మార్పు అన్నీ కలిపి కిలోకు 15 అనుకుంటే చివరికి మిగిలేది 14 రూపాయలు.

ఈ 14నే ‘అదనపు విలువ’ అంటారు. అమ్మకం నుంచి బయట కొన్నవాటి ఖర్చు తీసేయగా మిల్లులో పుట్టినది ఇదే. కూలీల జీతం, షెడ్డు అద్దె, బ్యాంకు వడ్డీ, యంత్రం అరుగుదల, ఆ తర్వాత మీ లాభం, అన్నీ ఇందులోంచే రావాలి.

దేశం లెక్క కట్టేదీ ఇలాగే, అందుకే మీ రెండో ప్రశ్నకు జవాబు కూడా ఇందులోనే ఉంది. జీడీపీలో మీ మిల్లు పేరిట 280 చేరదు. చేరితే రైతు మిరప ఒకసారి, మిల్లులో ఇంకోసారి, కొట్లో మరోసారి లెక్కకొచ్చేది. రైతు కలిపిన విలువ వ్యవసాయంలోకి, మీ 14 తయారీలోకి, కొట్టువాడి 42 వాణిజ్యంలోకి వెళ్తాయి. మీ మిల్లు ఎంత చిన్నదైనా ఆ 14 తయారీ ఖాతాలోనే పడుతుంది. పెద్ద ఫ్యాక్టరీలకు ఏటా పరిశ్రమల సర్వే ఉంది. కంపెనీగా నమోదు కాని చిన్న యూనిట్లకు కేంద్ర గణాంకశాఖ విడిగా సర్వే చేస్తుంది. దేశంలో మీలాంటి చిన్న తయారీ యూనిట్లు కోట్లలో ఉన్నాయి.

మన దేశంలో మొత్తం అదనపు విలువలో తయారీ వాటా చాలాకాలంగా ఆరో వంతు దగ్గరే ఆగింది. 2022 కల్లా దాన్ని 25 శాతానికి తెస్తామని 2011లో కేంద్రం విధానం ప్రకటించింది, అది జరగలేదు. ఎందుకింత పట్టుదల అంటే, 2023-24 కార్మిక సర్వే ప్రకారం పనిచేసేవాళ్లలో 46 శాతం వ్యవసాయంలోనే ఉన్నారు, తయారీలో సుమారు 11 శాతమే. వ్యవసాయంలో అంతమంది చేసే పనికి దేశాదాయంలో వచ్చేది ఐదో వంతుకు లోపే. ఆ చేతులకు ఏడాది పొడుగునా పని దొరకాలంటే పెద్ద చదువు అక్కర్లేని పనులు చాలా కావాలి, వాటిని ఎక్కువగా ఇవ్వగలిగేది తయారీయే. క్షౌరశాల లాంటి సేవ మీ ఊరివాళ్లకే అందుతుంది. మీ కారం ప్యాకెట్ ఆరు నెలలు ఆగి, హైదరాబాదుకో దుబాయికో వెళ్లగలదు, ఊళ్లో లేని డబ్బును ఊరికి తేగలదు. మీరు కొనే మోటారు కోయంబత్తూరులో, పొడిచేసే యంత్రం పల్వరైజర్ రాజ్‌కోట్‌లో తయారైనదై ఉండొచ్చు. మీరు ఒక యంత్రం కొంటే అక్కడ ఒక లేత్ తిరుగుతుంది. మీరు సరైన బరువుకు, సరైన తేమకు కాయ అడగడం మొదలుపెడితే మీకు అమ్మే రైతు కల్లం కూడా మారుతుంది. రెండు వైపులా ఇంతగా లాగే శక్తి ఒట్టి కొని అమ్మే వ్యాపారానికి లేదు.

మీ లెక్కకు వద్దాం. నెలకు 3 టన్నుల కారం చేస్తే అదనపు విలువ కిలోకు 14 చొప్పున 42,000. మిల్లు మనిషికీ, తొడిమలు తీసే కూలీలకూ కలిపి నెలకు 30,000 అవుతుందనుకోండి. 15 లక్షల మీద 11 శాతం వడ్డీ ఏడాదికి 1,65,000, నెలకు 13,750. రెండూ కలిపితే 43,750. అరుగుదల, అసలు వాయిదా లెక్కపెట్టకముందే నెలకు 1,750 చేతినుంచి పెట్టుకోవాలి. అంటే మీరు నెలంతా జీతం లేకుండా పనిచేసి, పైన డబ్బు కట్టాలి.

పెట్టుబడి సంగతి ఇంకా కష్టం. 3 టన్నుల కారానికి నెలకు 3,450 కిలోల కాయ, సుమారు 5 లక్షల 50 వేలు కావాలి. కొట్లకు నెలరోజులు అరువిస్తే 6 లక్షల 70 వేలు బయట ఉంటుంది. మీరు సరుకుకని పెట్టుకున్న 10 లక్షలు ఈ రెండింటికే చాలవు. సంక్రాంతి తర్వాత నుంచి వేసవి దాకా కొత్త కాయ వచ్చే రోజుల్లో నాలుగు నెలల సరుకు కొని కోల్డ్ స్టోరేజీలో పెట్టుకుందామంటే 22 లక్షలు. చిన్న మిల్లులు మిషను సరిగ్గా ఆడక మూతపడటం అరుదు. సరుకులోనూ అరువులోనూ డబ్బు ఇరుక్కుపోయి మూతపడతాయి.

నిల్వ చేసిన కాయ ధర పెరిగితే లాభం కదా అనిపిస్తుంది. అది తయారీ ఆదాయం కాదు, జాతీయ లెక్కల్లో కూడా దాన్ని అదనపు విలువగా తీసుకోరు. ఎటు పోతుందో తెలియని డబ్బు అది. 2023లో క్వింటా 20 వేలు దాటిన మిరప, 2025 ఫిబ్రవరి నాటికి ఎంత పడిందంటే క్వింటాకు 11,781 రూపాయలు లెక్కకట్టి కేంద్రం మార్కెట్ జోక్యం పథకం ప్రకటించాల్సి వచ్చింది. ఎక్కువ ధరలో కొని పెట్టుకున్నవాడు ఆ పతనంలో పెట్టినదాంట్లో చాలా భాగం పోగొట్టుకుంటాడు. మొదటి రెండేళ్లు 30, 40 రోజులకు సరిపడే సరుకే ఉంచుకోండి. మీ నాలుగెకరాల కాయను కూడా మిల్లుకు ఆ రోజు మార్కెట్ ధరకే రాసుకోండి. సొంత కాయ అని ఖర్చు తక్కువ వేసుకుంటే చేను సంపాదించినది మిల్లు సంపాదించినట్టు కనబడుతుంది.

మరి మిల్లు మానేయాలా? అక్కర్లేదు. పెట్టే పద్ధతి మార్చండి.

మొదటి ఏడాది సొంత బ్రాండు వద్దు. కూలికి ఆడించండి. మన ఇళ్లలో ఎండాకాలం ఏడాదికి సరిపడా కారం పట్టించుకునే అలవాటు ఇంకా ఉంది, అదే మీ మొదటి మార్కెట్. కిలోకు 25 రూపాయలు తీసుకుని, కరెంటుకూ అరుగుదలకూ 3 పోతే, కిలోకు 22 మిగులుతుంది. సొంత ప్యాకెట్‌లో వచ్చిన 14 కంటే ఎక్కువ, పైగా కాయ వాళ్లది, సరుకు అప్పు లేదు, అరువు లేదు. రోజుకు 100 కిలోలు, నెలకు 25 రోజులు ఆడిస్తే 55,000. కూలి ధర మీ చుట్టుపక్కల మిల్లుల్లో కనుక్కుని ఈ అంకెలు మార్చుకోండి. ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇతరుల కాయ ఆడించినా పరిశ్రమల వర్గీకరణ దాన్ని తయారీ అనే అంటుంది, జీఎస్టీ మాత్రం సేవ అంటుంది. అందుకని ఆంధ్రప్రదేశ్‌లో సరుకు మాత్రమే అమ్మేవాళ్లకున్న 40 లక్షల రిజిస్ట్రేషన్ పరిమితి కాక, సేవలకున్న 20 లక్షల పరిమితి చూసుకోవాలి.

రెండో ఏడాది ప్యాకెట్ మొదలుపెడితే అంతా కొట్లకే వేయకండి. 3 టన్నుల్లో ఒక టన్ను మీరే నేరుగా ఇళ్లకు, మెస్సులకు, పచ్చళ్లు పెట్టేవాళ్లకు 260కి అమ్మారనుకోండి. జీఎస్టీ తీస్తే 247, కాయ, ఇతర ఖర్చులు 199 పోగా 48, చేరవేతకు 8 పోతే 40. వెయ్యి కిలోలకు 40,000, మిగతా రెండు టన్నులకు 28,000, మొత్తం 68,000. వడ్డీ, కూలీలు పోగా 24,000 పైన నిలుస్తుంది. మిషనూ కాయా మారలేదు. అమ్మే తీరు మారింది, అంతే.

ఇక మిల్లులోపల. దిగుబడి 87 నుంచి 86కు పడితే కిలో కారానికి కాయ ఖర్చు 186 అవుతుంది, 14లో 2 రూపాయలు పోయినట్టు. కాబట్టి ఒక్కో కిలో ఎక్కడ పోతోందో పట్టుకోవాలి.

అన్నిటికంటే ముందు తేమ. 14కు బదులు 16 శాతం తేమ ఉన్న కాయ అదే 160కి కొంటే 85 కిలోల కారమే వస్తుంది, కాయ ఖర్చు 188కి ఎక్కుతుంది. టిక్కీలో, అంటే మిరప బస్తాలో, తొక్కేటప్పుడు కాయ విరగకూడదని నీళ్లు చల్లే అలవాటు మన దగ్గర ఉంది. ఆ నీటికి మీరు మిరప ధర కడతారు. ఒక తేమమీటరు కొనుక్కోండి. టిక్కీ పైనుంచి కాక నడుమ నుంచి కాయ తీసి చూడండి. కోల్డ్ స్టోరేజీ నుంచి తెచ్చిన ఏసీ సరుకు టిక్కీ వెంటనే విప్పితే చల్లటి కాయ మీద గాలిలోని తేమ చేరి చెమట పడుతుంది. ఒక రోజు అలాగే వదిలి, మామూలు వేడికి వచ్చాక విప్పాలి.

కారంలో తేమ 11 శాతం దాటకూడదని ఆహార ప్రమాణాల నిబంధన. మీరు 9 దగ్గర ఆపండి, వానాకాలంలో కాస్త పీల్చుకున్నా ఇబ్బంది ఉండదు. ఎక్కువ తేమతో మరపడితే జల్లెడ కన్నాలు మూసుకుంటాయి, పొడి ఉండకడుతుంది, బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. మన ప్రమాణంలో మసాలాలకు దాని పరిమితి కిలోకు 30 మైక్రోగ్రాములు, యూరప్ 10 దాటనివ్వదు. మరీ ఎండిపోయినా నష్టమే. కాయ ధూళిగా మారి గాల్లోకి పోతుంది, అమ్మగలిగే బరువూ తగ్గుతుంది.

నేలమీద ఆరబోయకండి, సిమెంటు కల్లంలోనో టార్పాలిన్ మీదనో పోయండి. ఇసుక చేరితే, దాన్ని పట్టిచ్చే కొలత అయిన ‘ఆమ్లంలో కరగని బూడిద’ 1.3 శాతం దాటి పరీక్షలో కారం తప్పుతుంది. ఆ తర్వాత ఎంత జల్లించినా లాభం లేదు, మెత్తటి ఇసుక కారంతోపాటే దిగిపోతుంది.

మరలో అసలు శత్రువు వేడి. గబగబా పోస్తే గది నిండిపోయి, సుత్తుల కింద పొడి చిక్కుకుని వేడెక్కుతుంది, వాసనా రంగూ పోతాయి. మొదట పెద్ద కన్నాల జల్లెడతో ఒకసారి కచ్చాపచ్చాగా, తర్వాత సగం మిల్లీమీటరు జల్లెడతో రెండోసారి ఆడించండి. మోటారు ఆంపియర్లు చూస్తూ పోయండి, రేటింగు దాటుతుంటే పోత తగ్గించండి. దంచే మిషను నెమ్మదైనా వేడి తక్కువ. పాతకాలపు రుచి అడిగే ఇళ్లకు దానికి ధర ఎక్కువ తీసుకోవచ్చు. వేడి పొడిని వెంటనే ప్యాక్ చేస్తే కవరు లోపల ఆవిరి చేరి ఉండలు కడుతుంది. స్టీలు పళ్లాల్లో పలచగా పోసి చల్లారాకే నింపాలి. సుత్తులు అరిగేకొద్దీ ఇనుపరజను పొడిలో కలుస్తుంది, అందుకే పొడి దిగే దారిలో అయస్కాంతం పెట్టి ప్రతి రోజూ తుడవండి. రజను ఒక్కసారిగా పెరిగితే సుత్తులు మార్చే రోజు వచ్చిందని అర్థం. గాల్లోకి లేచే పొడిని పట్టే సైక్లోన్ పరికరమూ గుడ్డసంచీ ఫిల్టరూ బిగిస్తే పక్కింటివాళ్లకు దగ్గు తప్పుతుంది, మీకు రోజుకు కొంత కారం దక్కుతుంది.

రంగు విషయంలో మాత్రం మీరు ఎప్పుడూ రాజీ పడకూడదని మా గట్టి మాట. రంగు వెలిసిన తాలుకాయలు చవగ్గా దొరుకుతాయి, రంగు కలిపితే ఎర్రగా కనిపిస్తాయని చెప్పేవాళ్లు మీ దగ్గరకు తప్పక వస్తారు. కారంలో ఏ రంగూ కలపడానికి అనుమతి లేదు. తినదగిన నూనె 2 శాతం దాకా కలపవచ్చు, అదీ ఏ నూనె, ఎంత అని ప్యాకెట్ మీద రాయాలి. 2005లో బ్రిటన్‌లో సుడాన్ రంగు కలిసిన కారంపొడి ఒక సాస్‌లోకి, ఆ సాస్ వందల ఆహారపదార్థాల్లోకి చేరి, అన్నిటినీ దుకాణాల నుంచి వెనక్కి తీయాల్సి వచ్చింది. కారం ఎంతమంది తిండిలోకి పోతుందో మరదగ్గర కూర్చున్నవాడికి కనపడదు. ఎరుపు కావాలంటే కాయ రకంలోంచి తెచ్చుకోండి. ఘాటుకు తేజ, రంగుకు బ్యాడిగి, మధ్యస్థంగా 334. ఈ మూడింటి పాళ్లు కుదుర్చుకుంటే అదే మీ ప్యాకెట్ ప్రత్యేకత.

పథకాల సబ్సిడీని మీ లెక్కలో ఆదాయంగా వేయకండి. పీఎంఈజీపీలో గ్రామీణ ప్రాంతంలో సాధారణ వర్గానికి 25 శాతం, ప్రత్యేక వర్గాలకు 35 శాతం. సూక్ష్మ ఆహార యూనిట్ల పథకం పీఎంఎఫ్ఎంఈలో 35 శాతం, గరిష్ఠంగా 10 లక్షలు. రెండింటిలోనూ ఆ డబ్బు చేతికి రాదు, బ్యాంకులో మూడేళ్లు ఉండి, అప్పు సరిగ్గా నడిస్తేనే ఖాతాలో సర్దుతారు. పథకం గడువు ఇంకా ఉందో లేదో జిల్లా పరిశ్రమల కేంద్రంలో అడిగాకే దరఖాస్తు పెట్టండి. కరెంటు కనెక్షన్ పరిశ్రమల కేటగిరీలో, త్రీఫేజ్ తీసుకోండి. 10 హెచ్.పి. మోటారు నిండుగా నడిస్తే గంటకు ఎనిమిది యూనిట్ల పైనే కాలుతుంది. ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ, తూనికలు కొలతల శాఖ కాగితాలు ప్యాకెట్ అచ్చువేయించకముందే తెచ్చుకోండి. అచ్చయిన కవర్ల మీద నంబరు లేక వేలకొద్దీ కవర్లు వృథా పోవడం మొదటిసారి పెట్టేవాళ్లు తరచూ చేసే పొరపాటు.

ఇదంతా మొదలుపెట్టకముందు ఒక పని చేయండి. మీ కాయే 100 కిలోలు తీసుకుని, తేమ కొలిచి, దగ్గర్లోని మిల్లులో కూలికి ఆడించండి. తొడిమ తీశాక ఎంత, ఆరాక ఎంత, మర దిగాక ఎంత, జల్లించాక ఎంత, నాలుగుసార్లు తూకం వేసి ఒక కాగితం మీద రాయండి. మేం వేసిన 87 మీ కాయకు 83 కావచ్చు, 89 కావచ్చు. మీ అంకెతో పై లెక్కంతా మళ్లీ వేసి, కిలోకు ఎంత అదనపు విలువ వస్తుందో తేలాక ఆ కాగితంతో బ్యాంకుకు వెళ్లండి. అడిగేది 15 లక్షలు కాక, మొదటి ఏడాదికి షెడ్డుకూ మిషన్లకూ సరిపడే 5 లక్షలే.